కంపెనీ చెవి ఉన్న మనిషి

ఆయన్ని ఆ వీధిలో అందరూ చెవులాయన అనేవాళ్ళు. ఆ పేరు కొత్తగా విన్న పిల్లలు ఆయన తలకేసి తేరిపార చూసి, చెవులు మామూలుగానే ఉన్నాయే అని డీలా పడిపోయేవాళ్ళు. తాళంచెవులు చేసే మనిషి, అందుకని ఆ పేరు. బ్యాంకు గోడకీ మందుల షాపుకీ మధ్య మిగిలిపోయిన సందులో, ఒకరు కూర్చుంటే రెండోవారు నిలబడక తప్పని చోట ఆయన దుకాణం. దుకాణమంటే ఏముంది, ఒక బల్ల, చెవుల పళ్ళు కోసే మిషను, వెనక మేకులకి గుత్తులుగా వేలాడే ఖాళీ చెవులు, ఎండకీ వానకీ ఒకటే గొడుగు. జుట్టు నల్లగా ఉన్నప్పుడు కూర్చున్నవాడు, అది తెల్లబడిపోయినా అక్కడే ఉన్నాడు.

పనిలో ఆయనకొక పట్టింపు ఉండేది. చెవి పారేసుకున్నాం, వచ్చి తలుపు తెరువు అని ఎవరైనా పిలిస్తే వెంటనే వెళ్ళేవాడు. వెళ్ళి సంచీ కింద పెట్టి, ముందు పక్కింటి తలుపు కొట్టేవాడు. ఈయన ఈ ఇంటి మనిషేనా అండీ అని అడిగేవాడు. వాళ్ళు అవునన్నాకే స్క్రూడ్రైవర్ బయటికి తీసేవాడు. పిలిచినవాడు ఎంత పెద్ద ఉద్యోగస్థుడైనా ఆయనకి లెక్కలేదు. కొందరికి ఒళ్ళు మండిపోయేది. ఒకావిడ, నా ఇంటి ముందు నన్నే దొంగలా నిలబెడతావా అని నానా మాటలూ అంది. చెవులాయన అన్నీ విని, పక్కింటివాళ్ళు వచ్చాక కబురు పెట్టమ్మా అని చెప్పి సంచీ భుజాన వేసుకుని వచ్చేశాడు. అంత జాగ్రత్తపరుడు ఎలా బోల్తా పడ్డాడా అని ఇప్పుడు అందరూ బుగ్గలు నొక్కుకుంటున్నారు. నొక్కుకుంటే నొక్కుకోనివ్వండి. జరిగింది తెలిస్తే వాళ్ళ చేతులు కిందికి దిగుతాయి.

ఇంట్లో ముగ్గురే. చెవులాయన, ఆయన భార్య, ఆయన అక్క. అక్క అన్నది పిలుపుకే, పెంచింది ఆవిడే. తల్లి పోయేనాటికి ఆయనకి ఇంకా పాలపళ్ళు ఊడలేదు. ఆవిడ ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పనిలో చేరి, తన పెళ్ళి మాట ఎత్తినవాళ్ళని వీధి చివరిదాకా తరిమి, తమ్ముడిని పెంచింది. చెవులు చేసే పని నేర్చుకోమని తీసుకెళ్ళి మేస్త్రి దగ్గర కూర్చోబెట్టింది కూడా ఆవిడే. భార్య కాపురానికి వచ్చిన కొత్తలో ఈ వదినగారితో ఎలా వేగాలిరా దేవుడా అని బెంబేలెత్తింది గానీ, నెల తిరిగేసరికి వాళ్ళిద్దరూ ఒకటైపోయి ఆయన్ని ఒంటరివాణ్ణి చేశారు.

ఆ అక్కకి పక్షవాతం వచ్చింది. కుడి కాలూ కుడి చెయ్యీ పడిపోయాయి. వాళ్ళుండేది మూడో అంతస్తు. లిఫ్టు లేదు, మెట్లు ఇరుకు. ఆసుపత్రి నుంచి పైకి మోసుకొచ్చి పడుకోబెట్టిన రోజే ఆఖరు, ఆవిడ మళ్ళీ నేల మీద కాలు పెట్టలేదు. గదికి కిటికీ అయితే ఉంది, అది తెరిస్తే పక్క మేడ గోడ. చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో బూడిదరంగు సిమెంటు, అంతకుమించి ఏమీ లేదు. ఆవిడేమో మనుషుల పిచ్చి మనిషి. దారిన పోయేవాళ్ళని నిలబెట్టి, మీదే ఊరు, ఎంతమంది పిల్లలు, ఆ దగ్గేమిటి, మందు వాడుతున్నారా అని ఆరా తీసే రకం. అలాంటి మనిషి పొద్దస్తమానం ఆ గోడకేసి చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది.

మొదట్లో రోజూ అడిగేది. "ఒరేయ్ చిన్నోడా, కింద ఇల్లు ఒకటి చూడరా. గుమ్మంలో కూర్చుని నలుగురి మొహాలు చూస్తాను. అంతకంటే నాకేం అక్కర్లేదు." చూస్తానక్కా అనేవాడు. చూస్తూనే ఉన్నాడు కూడా. కొన్నాళ్ళకి ఆవిడ అడగడం మానేసింది. తిండి సగానికి తగ్గించింది. పలకరిస్తే ఆఁ, ఊఁ తప్ప మాట లేదు. వదినకి ఏమైందండీ, అసలు మనిషి మనలో లేనట్టే ఉంది అని భార్య కళ్ళు ఒత్తుకుంది.  అడిగినన్నాళ్ళూ విసుక్కున్నవాడు, అడగకపోయేసరికి బెదిరిపోయాడు.

అద్దె ఇల్లు వెతకడం అంటే ఏమిటో తిరిగినవాళ్ళకే తెలుస్తుంది. కింది ఇల్లు ఖాళీ అని బోర్డు చూసి వెళితే, వీళ్ళు గేటు తీసేసరికి వాళ్ళు బోర్డు తీసేస్తుండేవాళ్ళు. ఎక్కడైనా ఇల్లు కుదిరేలా ఉంటే, ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడిగేవాళ్ళు. మంచం పట్టిన మనిషి ఉందనగానే మొహాలు మారిపోయేవి. మావాళ్ళతో మాట్లాడి ఫోను చేస్తాం అనేవాళ్ళు. ఆ ఫోను ఇప్పటికీ రాలేదు. బ్రోకరు ఒకాయన, అక్క సంగతి దాచిపెట్టి దిగిపోండి మేస్త్రీ, దిగాక ఏం చేస్తారు అన్నాడు. దాచడానికి ఆవిడేమన్నా పెట్టెలో పట్టే వస్తువా అని భార్య అక్కడికక్కడే కడిగేసింది.

మోసగాళ్ళు తగలక కాదు. తగిలారు, వీళ్ళు వాళ్ళ నుంచి తప్పించుకున్నారు కూడా. ఫోనులో ఫోటోలు పెట్టి, ఇల్లు చూపించాలంటే ముందు కొంత పంపండి అన్నాడు ఒకడు. చెవి చూపించకుండా పైసా రాదు ఫో అన్నాడు చెవులాయన. ఇంకొకావిడ, ఇంటివాళ్ళు పరాయి దేశంలో ఉన్నారు, అడ్వాన్సు అందగానే తాళంచెవి కొరియర్‌లో వస్తుంది అంది. ఆ రోజు ఆయన దుకాణంలో కూర్చుని పడీ పడీ నవ్వాడు. చెవి కొరియర్‌లో వస్తుందట, ఇల్లు ఎందులో వస్తుందో అని వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. ఇలా రెండు మూడు గండాలు గడిచేసరికి ఆయన మనసులో ఒక లెక్క కుదిరిపోయింది. చెవి లేనివాడు మోసగాడు. చెవి ఉన్నవాడు ఇంటివాడు. అక్కడే కొంప మునిగింది.

భార్య ఒక టైలరు షాపులో ప్యాంట్ల అంచులు మడిచి కుట్టే పని చేస్తుంది. అక్కడ పక్క మిషనావిడ ఫోనులో ఒక ప్రకటన చూపించింది. కింది ఇల్లు, ముందు చిన్న వరండా, ఒక్కటే మెట్టు. అద్దె చూసి భార్య ముందు సంతోషించింది, తర్వాత అనుమానపడింది. ఈ ఇంటికి ఈ అద్దేమిటి, ఎక్కడో మెలిక ఉంది అంది. మెలికేమిటో చూసి వద్దాం పద అన్నాడాయన. నిజం చెప్పాలంటే ఇద్దరూ వద్దనడానికే వెళ్ళారు.

ఇల్లు చూపించడానికి వచ్చిన మనిషిది మడత నలగని చొక్కా, మెత్తటి గొంతు. పేరు ఏదో చెప్పాడు, అది వాడి పేరు కాదని తర్వాత తేలింది కాబట్టి ఇక్కడ ఇస్త్రీచొక్కా అనుకుందాం. వాళ్ళకంటే ముందే వచ్చి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎండలో వచ్చారు, మంచినీళ్ళు తాగుతారా అని అడిగాడు. జేబులోంచి తాళంచెవి తీసి తలుపులో పెట్టి తిప్పాడు.

ఇంకొకరైతే ఆ మనిషి మొహం చూసేవాళ్ళు. చెవులాయన చెవిని చూశాడు. కంపెనీ చెవి. తాళం కొన్నప్పుడు దాంతోపాటు వచ్చేది, తల మీద కంపెనీ గుర్తూ నంబరూ అచ్చు వేసి ఉండేది. పళ్ళ అంచులు వాడి వాడి నున్నగా అరిగాయి, ఆకురాయి గీత ఒక్కటి లేదు. జీవితమంతా ఆయన చూసింది ఒకటే. అద్దెకున్నవాళ్ళ దగ్గర ఉండేవి నకళ్ళు, ఆయనలాంటివాళ్ళు కోసి ఇచ్చినవి. కంపెనీ చెవి మాత్రం ఇంటి యజమాని బీరువా దాటి బయటికి రాదు. ఇంటి పత్రాలు చూపించినా ఆయన అంత నమ్మేవాడు కాదేమో. చెవి చూసి నమ్మేశాడు.

ఇక ఇల్లంటారా, ఆయన గోడలూ వంటగదీ చూడనేలేదు. అవి భార్య చూసుకుంది. ఆయన మాత్రం గుమ్మంలో చతికిలబడి కూర్చున్నాడు, అక్క కుర్చీలో కూర్చుంటే ఏమేం కనిపిస్తాయా అని. ఎదురుగా నీళ్ళ కుళాయి, బిందెలతో ఆడవాళ్ళు. కుళాయి పక్కన చెప్పులు కుట్టే ముసలాయన. కొంచెం అవతల బడి గేటు. సైకిళ్ళు, నడిచేవాళ్ళు, పోట్లాడుకునేవాళ్ళు. ఆయనకి కళ్ళు చెమర్చాయి. ఇస్త్రీచొక్కా అది చూశాడు. ఎవరికోసమండీ అని నెమ్మదిగా అడిగాడు. ఈయన అక్క సంగతంతా చెప్పేశాడు.

మా అమ్మదీ ఇదే పరిస్థితి మేస్త్రీ అన్నాడు వాడు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. ఆపరేషనుకి తీసుకెళుతున్నాం, అందుకే ఇల్లు ఖాళీగా ఉంచలేక, మంచివాళ్ళు దొరికితే చాలని తక్కువకి ఇస్తున్నాను అన్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. జానలతో గుమ్మం వెడల్పు కొలిచాడు. "ఆ మెట్టు మీద ఏటవాలుగా చెక్క వేయిస్తాను. అక్కగారి కుర్చీ నేరుగా లోపలికి వచ్చేస్తుంది." ఇల్లు అద్దెకిచ్చేవాడెవడూ అంతవరకూ వాళ్ళతో అలాంటి మాట అనలేదు.

భార్య మాత్రం బుట్టలో పడలేదు. కాగితం రాసుకుందామా అని అడిగింది. పత్రాలు బ్యాంకులో ఉన్నాయమ్మా, ఒకటో తారీకు తర్వాత తీరిగ్గా రాసుకుందాం అన్నాడు. సాయంత్రం ఇంకొకళ్ళు అడ్వాన్సుతో వస్తున్నారు, కానీ నా మనసు మీ వైపే ఉంది అని కూడా అన్నాడు. ఆవిడకి ఆ తొందర నచ్చలేదు. బయటికి వచ్చాక పక్కింటివైపు రెండడుగులు వేసింది, ఒక్కమాట అడిగి వద్దామని. చెవులాయన ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఆపేశాడు.

వీధి మలుపు తిరిగేదాకా ఊరుకుని అప్పుడు అడిగింది. "ఊళ్ళోవాళ్ళందరి గురించీ పక్కింట్లో అడుగుతారు. ఇప్పుడేమొచ్చింది మీకు?"

"చెవి లేనివాడి గురించి అడగాలి గానీ, కంపెనీ చెవి చేతిలో పెట్టుకున్నవాడి గురించి అడిగితే ఏం బాగుంటుంది? ఆయన చూస్తుండగా? నొచ్చుకుని ఇల్లు ఇవ్వనంటే?"

ఆవిడ ఆయన వెంట నడిచింది. ఆయనకి తెలియని తాళమా అనుకుంది. అంతకంటే, ఇల్లు లేదని వెనక్కి వెళ్ళి వదిన మొహం చూడాలంటే ఆవిడకీ భయంగానే ఉంది.

మర్నాడు ఇస్త్రీచొక్కా తానే దుకాణానికి వచ్చాడు. కంపెనీ చెవి బల్ల మీద పెట్టి, రెండు నకళ్ళు కొయ్యండి, ఒకటి మీకు, ఒకటి సున్నం వేసేవాడికి అన్నాడు. పెట్టి, టీ తాగొస్తానని చెవి అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. ఇంటి చెవిని పరాయివాడి బల్ల మీద వదిలి వెళ్ళేవాడిని చెవులాయన అంతవరకూ చూడలేదు. పట్టుకుని నిలబడి, మిషను మీద కళ్ళు పెట్టి చూసేవాళ్ళే అందరూ. తనని ఇంతగా నమ్మినవాడిని తను నమ్మకపోతే ఎలా అనుకున్నాడు. రెండు చెవులూ కోసి, ఆకురాయితో అంచులు నున్నగా తీర్చి, కూలి తీసుకోకుండా ఇచ్చాడు. అడ్వాన్సు ఇచ్చాడు. చేతిలో ఉన్నదంతా ఇచ్చాడు, భార్య కమ్మలు అమ్మగా వచ్చింది కూడా అందులోనే కలిసింది. పాత ఇంటాయనకి ఖాళీ చేస్తున్నామని చెప్పేశాడు. ఆయన సాయంత్రానికల్లా వేరేవాళ్ళ దగ్గర అడ్వాన్సు పుచ్చుకున్నాడు.

ఆ వార్త వినగానే అక్క తమ్ముణ్ణి రమ్మని సైగ చేసింది. ఎడమచేత్తో తమ్ముడి తల దగ్గరికి లాక్కుని, చాలాసేపు అలాగే పట్టుకుంది. ఆ పూట కడుపునిండా తింది. తర్వాత రోజులన్నీ ఆ ఇంట్లో ఒకటే కబుర్లు. గుమ్మం ఎటువైపు ఉంది, కుళాయి దగ్గర పోట్లాటలు జరుగుతాయా, చెప్పులు కుట్టే ఆయనకి పెళ్ళాం ఉందా అని ప్రశ్న మీద ప్రశ్న. మరదలిచేత గోళ్ళు తీయించుకుంది, జుట్టు కత్తిరించుకుంది. కొత్తవాళ్ళ కంట్లో పడేటప్పుడు బూచిలా ఉండకూడదు కదే అంది. చెవులాయన రోజూ పని నుంచి రాగానే ఆ వీధి గురించి ఒక కొత్త సంగతి చెప్పేవాడు. చూసినవి అయిపోయాక కల్పించి చెప్పాడు.

ఇల్లు మారే రోజు మేడలోని కుర్రాళ్ళు ఇద్దరు కుర్చీతోపాటు ఆవిడని ఎత్తి మెట్లు దింపారు. నన్ను పడేస్తే మీకే నష్టం, మళ్ళీ ఎత్తాలి అని వాళ్ళని నవ్వించింది. వీధిలోకి రాగానే తల ఎత్తింది. ఎండ కళ్ళలో పడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకోకుండా అలాగే చూసింది. సామాన్ల బండి వెనక, మంచాలకీ మూటలకీ మధ్య కుర్చీ వేసి కూర్చోబెట్టారు. దారి పొడవునా కనిపించిన ప్రతివాళ్ళనీ చూస్తూనే ఉంది.

బండి కొత్త ఇంటి ముందు ఆగేసరికి తలుపు తెరిచే ఉంది. సున్నం వేసేవాళ్ళనుకున్నాడు చెవులాయన. లోపల ఎవరివో బీరువా, చుట్టచుట్టిన పరుపులు, గోడకి ఆనించిన నల్లబల్ల. లెక్కల మాస్టారు ఒకాయన చేతులు దులుపుకుంటూ బయటికి వచ్చి, ఎవరు కావాలండీ అని అడిగాడు. ఈ ఇల్లు మాది, అద్దెకి తీసుకున్నాం అన్నాడు ఈయన. మేమూ తీసుకున్నాం, నిన్ననే చెవి ఇచ్చాడు అన్నాడు ఆయన. ఏదీ ఆ చెవి అని చెవులాయన చేతిలోకి తీసుకుని చూశాడు. ఆ అంచులు తీర్చిన తీరు ఎవరిదో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. సున్నం వేసేవాడికని తను కోసిన చెవి అది. ఆ మాటే పైకి అనేశాడు.

ఇస్త్రీచొక్కా ఫోను మోగలేదు. మాస్టారు చేసినా మోగలేదు. ఈ గొడవకి వీధిలో జనం చేరారు, వాళ్ళలో ఎవరో వెళ్ళి అసలు యజమానురాలిని పిలుచుకొచ్చారు. పక్క సందులోనే ఉంటుందట, నర్సుగా చేసి మానేసిన పెద్దావిడ. ఆవిడ చెప్పింది విన్నాక ఇంక అడగడానికేమీ మిగల్లేదు. ఆ ఇంట్లోకి వచ్చేవారం ఆవిడ చెల్లెలు దిగుతోంది. ఈలోగా ఒకతను వచ్చి, తల్లికి ఆపరేషను, పదిహేను రోజులకి ఇల్లు కావాలని కాళ్ళావేళ్ళా పడితే, ఆసుపత్రి కష్టాలు తెలిసిన మనిషి కాబట్టి జాలిపడి ఇచ్చింది. ఇంట్లో దొరికిన కంపెనీ చెవి ఒక్కటే, అదే ఇచ్చింది.

పక్కింటావిడ గోడ మీంచి వింటోంది. పాపం, ఆవిడకి ఎవర్నీ పొడవాలని లేదు. మామూలుగానే అంది. "పదిహేను రోజులకని మాకు మొదటి రోజే తెలుసు. ఒక్కళ్ళు వచ్చి అడిగినా చెప్పేవాళ్ళం."

భార్య ఆయనకేసి చూడలేదు. చూసి ఉంటే బాగుండేదని, నాలుగు తిట్టి ఉంటే ఇంకా బాగుండేదని ఆయన తర్వాత అనుకున్నాడు. మాస్టారు మాత్రం చూశాడు. మీరు తాళాల మేస్త్రి కదా, ఈ చెవి మీరే కోశారంటున్నారు, మరి వాడు మీకు తెలియకపోవడమేమిటి అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. జీవితంలో ఒక్క తలుపు కూడా తప్పుగా తెరవని మనిషి, ఆ వరండాలో తల దించుకుని నిలబడ్డాడు.  అప్పుడు భార్యే ముందుకొచ్చి, వాడు మాకూ మీకూ ఒకే గొయ్యి తవ్వాడు మాస్టారూ, రండి పోలీసు స్టేషనుకి పోదాం అని మాస్టారినీ ఆయన భార్యనీ వెంటబెట్టుకుని వెళ్ళింది. ఆ ఇద్దరూ బండి పిలిచి సామాన్లు మళ్ళీ ఎక్కించుకుని, బంధువుల ఇంటికి పంపించాకే కదిలారు.

చెవులాయన పాత ఇంటాయనకి ఫోను చేశాడు. కొత్తవాళ్ళ మంచాలు మెట్లెక్కుతున్నాయి, నేనేం చెయ్యను అన్నాడు ఆయన. చివరికి, టెర్రస్ మీద విరిగిన కుర్చీలు పడేసే గది ఉంది, కావాలంటే అవి తీయించి ఇస్తానన్నాడు. చెవులాయన సరేనన్నాడు. ఆయన మాటలు బండిలో కూర్చున్న అక్కకి వినబడుతూనే ఉన్నాయి. 

యజమానురాలు బండి వైపు చూసి, ఆవిడ మీ అమ్మా అంది. అక్క అన్నాడు. ఎండలో కూర్చోబెట్టారేమిటి, దింపండి అంది ఆవిడ. తనే సాయం పట్టి, కుర్చీని వరండాలోకి తెచ్చి, గుమ్మం పక్కన నీడలో వేయించింది. ఇల్లు మీకే ఇవ్వాలని నాకూ ఉందయ్యా, కానీ చెల్లెలికి మాట ఇచ్చేశాను, దానికి వేరే దిక్కు లేదు అని నొచ్చుకుంది. తర్వాత తలుపుకేసి చూసి, ఆ వెధవ దగ్గర చెవి ఉండిపోయింది, తాళం ఇవాళే మార్పించాలి, ఎవరైనా ఉన్నారేమో చూడాలి అంది.

"నేనే మారుస్తానమ్మా," అన్నాడు చెవులాయన.

బండిలోంచి సంచీ దింపాడు. అమ్మకానికి పెట్టుకున్న కొత్త తాళం అందులోనే ఉంది. గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని పాతది విప్పడం మొదలుపెట్టాడు. తను తెరవాల్సిన తలుపుకి, తన చెవి ఇంక పట్టకుండా తనే తాళం మారుస్తున్నాడు. చొక్కా జేబులో ఉన్న నకలు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని ఒకసారి చూసి, నున్నగా ఉందే అని మాత్రం అంది.

పక్కన అక్క వీధి చూస్తోంది. కాసేపటికి కుళాయి దగ్గర ఆవిడని పిలిచి, బిందె ఎందుకమ్మా అలా కారుతోంది అని అడిగింది. ఆవిడ దగ్గరికి వచ్చింది. మాటల్లో వాళ్ళ కోడలి సంగతంతా బయటపడింది. చెప్పులు కుట్టే ముసలాయన్ని పెళ్ళాం ఉందా అని నిలదీస్తే, పోయిందమ్మా అన్నాడు. ఎలా పోయిందో, ఎన్నాళ్ళైందో, ఇప్పుడు వంట ఎవరు చేస్తున్నారో అన్నీ తెలుసుకుంది. బడి వదిలారు. పిల్లలు గేటులోంచి తోసుకుంటూ వచ్చారు, నలుగురైదుగురు వరండా ముందు ఆగి, మీ చెయ్యి ఎందుకు కదలదు మామ్మా అని అడిగారు. ఆవిడ నవ్వింది. గట్టిగా, లోపల్నుంచి నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళైందో చెవులాయనకి గుర్తు లేదు.

తాళం మార్చడం ఆయనకి చిటికెలో పని. స్క్రూలు బిగించాడు, మళ్ళీ విప్పాడు. తలుపు అంచు కొంచెం గీకాడు, మళ్ళీ బిగించాడు. చెవి పెట్టి తిప్పాడు, చక్కగా తిరిగింది, మళ్ళీ విప్పాడు. స్టేషను నుంచి భార్య తిరిగొచ్చింది. రాసుకున్నారు, ఈ నెలలో ఇలాంటివి చాలా వచ్చాయట అని చెప్పబోయి, ఆయన చేతులకేసి చూసి ఆగిపోయింది. చీకటి పడేలోగా వెళ్ళాలి, ఇంకెంతసేపు అని బండివాడు సణుగుతుంటే, వాడి చేతిలో చిల్లర పెట్టి, టీ తాగిరా బాబూ అని పంపించేసింది. పంపించి తనూ మెట్టు మీద కూర్చుంది.

వీధిలో జనం పలచబడ్డారు. కుళాయి ఆగిపోయింది. ముసలాయన మూట సర్దుకుంటూ, రేపు కనపడతానమ్మా అన్నాడు. అక్క తల ఊపింది.

"ఒరేయ్ చిన్నోడా," అంది తర్వాత, ఆయనకేసి తిరక్కుండానే. "ఆ స్క్రూ ఎప్పుడో బిగిసింది. ఇంక లేరా."

"ఇంకొంచెం పనుందక్కా."

"లేదురా. చూశాను కదా. లే."

ఆయన లేచాడు. కొత్త తాళంతో వచ్చిన చెవులన్నీ లెక్కపెట్టి యజమానురాలి చేతిలో పెట్టాడు. ఇకమీదట ఎవరికిచ్చినా కంపెనీ చెవి ఇవ్వకండమ్మా అని చెప్పాడు. ఆవిడ కూలి ఇవ్వబోతే వద్దన్నాడు. భార్య మాత్రం చెయ్యి చాపి తీసుకుంది, ఇంట్లో ఏమీ లేదు మరి.

పాత మేడ చేరేసరికి కుర్రాళ్ళెవరూ లేరు. చెవులాయన అక్కని వీపు మీద వేసుకుని, ఆవిడ ఎడమ చెయ్యి మెడ చుట్టూ వేయించుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాడు. వెనక భార్య కుర్చీ పట్టుకుని ఎక్కుతోంది. అక్క ఆయన చెవి దగ్గర మాట్లాడుతూనే ఉంది. బిందె ఆవిడ కోడలు మంచిదేననీ, ఆవిడే గయ్యాళిదనీ, బడి నుంచి వచ్చినవాళ్ళలో ఎర్ర సంచీ పిల్లాడికి కళ్ళజోడు కావాలనీ, ముసలాయన రేపు తనకోసం చూస్తాడేమోననీ చెబుతూనే ఉంది. మూడో అంతస్తులో వాళ్ళ తలుపు ముందు ఎవరివో చెప్పులు వరసగా ఉన్నాయి. ఇన్నేళ్ళ అలవాటు కదా, ఆయన కాళ్ళు అక్కడ ఆగిపోయాయి. జేబులో చెవి కోసం చెయ్యి పెట్టాడు.

"ఇక్కడ కాదురా," అంది అక్క. "ఇంకా పైకి."

ఆయన చెయ్యి బయటికి తీసి, ఆవిడని సర్దుకుని, మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టాడు.